బుధవారం ఏమీ చేయరాదు

"ఈ దేశంలో బుర్ర ఉండేది ఇద్దరికే. రెండోవాడు ఇంగా పుట్టలే," అని శ్రీనివాసమూర్తి ప్రకటించాడు.

మూతబడిన బంగారు గనుల ఊరు రాబర్ట్‌సన్‌పేటలో సీతారామ ఇంటి వరండా. సాయంత్రం నాలుగుంబావు. శ్రీనివాసమూర్తి రెండేళ్ళ కిందట గుమాస్తాగా రిటైరయ్యాడు. మర్నాటి నుంచి డిటెక్టివు. ఇంతవరకు ఎవరినీ పట్టుకోలేదు. జనమే ఆయన్ని రెండుసార్లు పట్టుకున్నారు. సీతారామ ఆయన స్నేహితుడు. ఆ ఉద్యోగానికి రిటైర్మెంటు లేదు.

శ్రీనివాసమూర్తి ప్లాస్టిక్ కవర్లోంచి ఒక మడత కాగితం తీసి, ఎవరికీ కనబడకుండా గుండెకు ఆనించుకుని చదివాడు.

"జెరాక్స్ అంగట్లో మిషను మూత కింద దొరికినాది. విను. సోమవారం: కొండ ఎక్కల్ల. మంగళవారం: నీళ్ళ కిందికి దిగల్ల, ఊపిరి గొట్టం మరిచిపోరాదు. బుధవారం: ఏమీ చేయరాదు. గురువారం: సైకిల్లో చుట్టు రావల్ల. అర్థమైనాదా?"

"లేదప్పా."

"కొండంటే బంగారం తీసినాక గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బ. నీళ్ళంటే మూతబడిన గనిలో నిండిన నీళ్ళు. గొట్టం పెట్టుకుని షాఫ్టులోకి దిగి, మిగిలిన బంగారం ఎత్తుకుని, సైకిల్లో పరారు!"

"బంగారాన్ని సైకిల్లోనా?"

"పెట్రోలు రేటు చూసినావా? ముఠాకి బుర్ర ఉండాది."

"మరి బుధవారం?"

"పోలీసుల్ని ఏమార్చేదానికి."

గేటు తోసుకుని వత్సల వచ్చింది. శ్రీనివాసమూర్తి భార్య. ముప్పై ఏళ్ళు బడిలో భూగోళం చెప్పింది. పసిఫిక్ సముద్రం మధ్య రారోటోంగా దీవిని పటం మీద కర్రతో చూపిస్తూ వచ్చింది. మార్చిలో రిటైరయ్యాక, ఆ చుక్క మీద కాలు పెట్టాలని టికెట్లు మాట్లాడుకుంది.

"ఏమండీ, నా కాగితం ఒకటి చూసినారా? వెనక బుకింగు నంబరు రాసుకున్నా. ఐదు లోపల ఫోన్లో ఆ నంబరు చెప్పకుంటే సీట్లు వేరేవాళ్ళకి పోతాయంట."

"దేశం బంగారం పోతాంటే నీ కాగితం గోలేంది? చిల్లర కేసులు నేను ముట్టను."

సీతారామ లేచాడు. "మూర్తీ, ఆ కవర్లో..."

"కూర్చో. వేలిముద్రలు చెడతాయి."

సీతారామ భార్య రంజని కాఫీ తెచ్చింది. మోకాలికి పట్టీ. నెల రోజులుగా ఆమె సైకిలు నేర్చుకుంటోంది. ఎందుకని అడిగితే వ్యాయామం అంటుంది.

శ్రీనివాసమూర్తి పట్టీని చూశాడు. "చట్టం కళ్ళు కప్పొచ్చు. నా కళ్ళద్దాలు కప్పలేరు. ఊళ్ళో అందరి రాతా పరీక్ష చేస్తా. మొదట మీరే. కాగితం, పెన్ను తీసుకోండి."

"అయ్యో, నాకు టైము లేదు!" అంది వత్సల.

"రాస్తే వదులుతా."

నాలుగూ యాభై. శ్రీనివాసమూర్తి చెప్పడం మొదలుపెట్టాడు. "సోమవారం: కొండ ఎక్కల్ల. మంగళవారం..."

ఆయనకు తుమ్ము వచ్చింది. దాని వెనకే ఇంకొకటి.

వత్సల ఆగలేదు. పైకి చదువుకుంటూ రాసింది. "నీళ్ళ కిందికి దిగల్ల, ఊపిరి గొట్టం మరిచిపోరాదు. బుధవారం: ఏమీ చేయరాదు..."

"నేను ఇంగా చెప్పలేదే! నీకెట్ల తెలుసు?"

"నేను రాసింది నాకు తెలీదా? దీవిలో తిరిగే ప్లాను అది. యాడ ఉండాది ఆ కాగితం?"

రంజని కవరు లాక్కుంది. నాలుగూ యాభై ఆరుకి వత్సల ఫోన్లో నంబరు చదువుతోంది. "అవునప్పా, రెండు సీట్లు. ఖాయం చేయండి."

"ముప్పై ఏళ్ళు కాపురం చేసి పెళ్ళాం రాత గుర్తుపట్టలేదా?" అన్నాడు సీతారామ.

"సరుకుల చీటీ ఒక్కసారన్నా చదివుంటే కదా," అంది రంజని.

శ్రీనివాసమూర్తి ముక్కు తుడుచుకున్నాడు. "కేసు తేలింది. నా తుమ్ము ఊరికే రాదు. వత్సలా, నాకు కిటికీ పక్క సీటు."

"మీకు సీటు యాడిది? ఒకటి నాది, ఒకటి రంజనిది."

సీతారామ తన భార్య మోకాలి వైపు చూశాడు.

"దీవి చుట్టూ ముప్పై రెండు కిలోమీటర్లు ఉండాది కదండీ," అంది రంజని.

"నన్నెందుకు విడిచినావు?" అన్నాడు శ్రీనివాసమూర్తి.

"బుధవారం చదవండి. ఏమీ చేయరాదు. అంటే ఎవరూ ఏమీ కనిపెట్టరాదు."

"మరి పది దినాలు నా గతి?"

"సీతారామన్న ఉండాడు కదా."

శ్రీనివాసమూర్తి కుర్చీని సీతారామ పక్కకు లాక్కున్నాడు. "ఇద్దరు ఆడవాళ్ళు, గొట్టాలు, సైకిళ్ళు. నాకు ఇంగా అనుమానంగానే ఉండాది. వాళ్ళు బయల్దేరినప్పటి నుంచి మీ ఇంట్లోనే మకాం. ఇద్దరం కూర్చుని తేలుస్తాం."

"అమ్మా వత్సలా," అన్నాడు సీతారామ, "మూడో సీటు దొరుకుతుందేమో అడుగు."

లోపల గడియారం ఐదు కొట్టింది.