బొమ్మలో లేని వెనక తలుపు

మనిషిని అడిగి తెలుసుకోవడం కంటే మనిషి బొమ్మ గీసి తెలుసుకోవడమే మేలు! నవ్వకండి. తొమ్మిదో తరగతిలో బడి మానేసిన నాకే అర్థమైంది, మీకేం కష్టం?

మా ఆడపడుచు పరిశోధన చేస్తోంది. సాఫ్ట్‌వేర్ తయారయ్యే ముందు ఎవరికేం కావాలో తేల్చాలట. అందుకు మోడల్ గీస్తుంది. మోడల్ అంటే బ్రహ్మపదార్థమేం కాదు. డబ్బాలు, బాణాలు, పుల్లల్లాంటి మనుషులు.

మా పాపను వదిలే క్రెష్ యాప్‌కి మోడల్ ఆవిడదే. అందులో నేనూ ఉన్నాను! గుండ్రటి తల, అయిదు గీతలు. నా నుంచి గేటుకి ఒకే ఒక్క బాణం. దాని మీద రాత, "తల్లి వచ్చు వేళ, అయిదున్నర."

"నన్నో మాట అడగొచ్చుగా?" అన్నాను.

"నువ్వు పూటకో మాట చెప్తావు వదినా. మోడల్ మాట మార్చదు."

ఎంత నిజం! పాప రెండుసార్లు తుమ్మితే నాకు కాళ్లూ చేతులూ ఆడవు. ఆ బొమ్మ తల్లిని చూడండి, అయిదున్నర దాకా ఉలకదు, పలకదు. అలాంటి కోడలు దొరకాలంటే పెట్టి పుట్టాలి!

మోడల్ సరిగ్గా ఉందో లేదో పరీక్షించారు కూడా. దేనితో? అంతకుముందు గీసిన మోడల్‌తో! రెండూ అచ్చు గుద్దినట్టు కలిశాయి. ఇంకేం కావాలి?

మొన్న మూడింటికి క్రెష్ ఆయా ఫోన్ చేసింది. "పాపకి ఒళ్లు కాలిపోతోందమ్మా, బేగి రండి!"

పడుతూ లేస్తూ వెళ్లాను. గేటు తాళం యాప్ చేతిలోనే. తెరుచుకోలేదు. "తల్లి వచ్చు వేళ కాలేదు" అంది యాప్. గేటు అద్దానికి అటు ఏడుస్తూ పాప, ఇటు నేను. మేనేజరమ్మ చేతులెత్తేసింది. ఆడపడుచుకి ఫోన్ చేశాను.

"మూడింటికి జ్వరమా? దానికి బాణం లేదే వదినా!"

తప్పు పాపదే. జ్వరం వేళాపాళా చూసుకుని రావద్దూ?

ఇంతలో ఆయా, "ఇటు రా తల్లీ" అంటూ వంటగది వెనక తలుపు తీసి, పాపను నా భుజానేసింది. ఆ తలుపు ఏ బొమ్మలోనూ లేదు. అందుకే తెరుచుకుంది.

పాప కోలుకుంది. ఆడపడుచు ఇంటికొచ్చి నేను చెప్పిందంతా రాసుకుంది. నన్ను అడగడం అదే మొదటిసారి! పొంగిపోయాను. వారానికి కొత్త మోడల్ తెచ్చింది. జ్వరానికి బాణం ఎక్కడుందా అని వెతికాను. లేదు. వెనక తలుపు మాత్రం ఉంది. దానికో తాళం కప్ప.

"పొరపాటంతా ఆ తలుపుదే వదినా. ఇప్పుడు మోడల్‌కి వంక పెట్టలేరు."

నా బొమ్మ వంక చూశాను. గుండ్రటి తల, అంతే. పెన్ను అందుకుని అందులో ఒక నోరు గీశాను.

"అయ్యయ్యో, మోడల్ పాడు చేశావు వదినా!"