కాల్వల కమిషనర్ గారి ప్రమాణ స్వీకార పతకం

మిషిగన్ రాష్ట్రంలోని మస్కెటా కౌంటీ చరిత్రలో మొట్టమొదటిసారిగా ఒక మురుగు కాల్వల కమిషనర్ ప్రమాణ స్వీకారానికి అధికారిక స్మారక పతకం వెలువడుతుందని ఆగస్టు రెండో సోమవారం ప్రకటన వచ్చింది. ప్రకటించినవారు కమిషనర్ రోలండ్ ప్రూయిట్ గారే. ప్రమాణ స్వీకారం జనవరి ఒకటిన. దానికి ముందు నవంబరులో ఎన్నిక ఒకటుంది. ఆ వివరం ప్రకటనలో లేదు.

దేశాధ్యక్షుడు ప్రమాణం చేసిన ప్రతిసారీ పతకం పోస్తారనీ, అక్కడ రాజధానిలో ఆయన వదిలిన మాట మిషిగన్ చేరేసరికి ఏమవుతుందో ఎవరికీ తెలియదనీ, తన కాల్వలో వదిలిన నీళ్ళు మాత్రం చెప్పిన చోటికే చేరతాయనీ, మరి పతకం ఎవరికి ఉండాలో ప్రజలే ఆలోచించుకోవాలనీ కమిషనర్ గారు విలేఖరితో అన్నారు. కౌంటీకి విలేఖరి ఒక్కడే. ఆలోచించుకునే తీరిక లేక మొదటి పేజీలో వేసేశాడు.

పతక కమిటీకి అధ్యక్షుడు ఆర్లో డెక్కర్. సభ్యులు లేరు.

ఆర్లోకి యాభై ఆరేళ్ళు. పదో తరగతిలో చదువు మానేసి దోసకాయల ఊరగాయ ఫ్యాక్టరీలో చేరాడు. పంతొమ్మిదేళ్ళ తర్వాత ఫ్యాక్టరీ అతన్ని మానేసింది. ఇప్పుడు చలికాలం రోడ్ల మీద మంచు తోసే బండి నడుపుతాడు, మిగతా కాలం రాజకీయ వస్తువులు సేకరిస్తాడు. అతని ఇంటి నేలమాళిగలో ఎన్నికల బ్యాడ్జీలు ఆరువేలున్నాయి. అంటే ఆరువేల వాగ్దానాలు. ఏది ఎంత చేస్తుందో కళ్ళు మూసుకుని చెప్పగలడు. "ప్రూయిట్ మాటంటే మాటే" అని రాసి ఉన్న బ్యాడ్జీ డాలరుకి అయిదు.

అవి కాక అధ్యక్షుల ప్రమాణ స్వీకార పతకాలు ముప్పై ఎనిమిది. "ఇంట్లో ఇంతమంది అధ్యక్షులున్నారు, ఒక్కడూ చెత్తడబ్బా బయట పెట్టడు" అని భార్య నెడ్రా అంటూ ఉంటుంది.

ముప్పై ఎనిమిదిలో ముప్పై ఏడు ఎవరి దగ్గరైనా ఉండేవే. ఒక్కటే అసలుది. నూరేళ్ళు దాటిన కంచు పతకం, కాలం పెట్టిన నల్లటి మసకతో అచ్చం పాత కాఫీ గింజ రంగులో ఉంటుంది. దానికోసం ఆర్లో ఇరవై రెండేళ్ళు తిరిగాడు. దాన్ని పెట్టుకున్నా కూడా ఏటా కొలంబస్‌లో జరిగే సేకర్తల ప్రదర్శనలో అతనికి ఇచ్చేది మరుగుదొడ్డి పక్క బల్లే. వచ్చినవాళ్ళు చేతులు తుడుచుకుంటూ ఒక చూపు చూసి పోతారు. నడిమధ్య బల్ల బ్రూబేకర్ అనే పేరుమోసిన సేకర్తది. ఆ మధ్య బల్ల దగ్గర ఒక్కసారి నిలబడి కాఫీ తాగాలనేదే ఆర్లోకి జీవితంలో మిగిలిన కోరిక. మనిషి మరీ పెద్ద కోరికలు కోరేవాడు కాదు.

పతకం రూపం నిర్ణయించడానికి కమిషనర్ గారు స్వయంగా నేలమాళిగలోకి దిగారు. అధ్యక్షుల్నందర్నీ ఒకసారి పరామర్శించి, నల్ల పతకం దగ్గర ఆగారు. తీసి కోటుకి ఆనించుకుని, అద్దం ఉందా అని అడిగారు.

"బావుందోయ్. ఇంత మురిగ్గా ఎందుకుంచావు?"

"అది మురికి కాదు కమిషనర్‌గారూ. వందేళ్ళు. అది పోతే ఇక మిగిలేది కంచే. దయచేసి అంచులు పట్టుకోండి."

కమిషనర్ గారు అంచులు పట్టుకుని, వదల్లేక వదిలారు.

టంకశాలవాళ్ళు సెప్టెంబరులోగా చెబితేనే జనవరికి అందుతాయన్నారు. అందువల్ల ఎన్నికకి ముందే మూడువందల పతకాలు పోయించారు. బొమ్మ వైపు ప్రూయిట్ గారి ముఖం, బొరుసు వైపు ప్రవహిస్తున్న కాల్వ, చుట్టూ "మూడవ ప్రమాణ స్వీకారం, జనవరి 1". అంచు మీద వరస నంబరు, దాని పక్కన భూతద్దానికి కనిపించేటంత అక్షరాల్లో ఆర్లో డెక్కర్ పేరు. ఒకటో నంబరు పతకాన్ని మఖమల్ పెట్టెలో పెట్టి కమిషనర్ గారికి బహూకరించారు. ఇది తన మనవలకి ఆస్తి అని ఆయన ప్రకటించారు. పెద్ద మనవడు నాలుగేళ్ళవాడు. దాన్ని కొరికి చూసి తిరిగిచ్చేశాడు.

నవంబరు వచ్చింది. బౌలింగ్ హాలు వెనక గదిలో గురువారం గురువారం కలిసే సేకర్తల సంఘంలో ఆర్లోతో కలిపి తొమ్మిదిమంది. గెలిస్తే తలా ఒక పతకం అని చెప్పి ఆర్లో తొమ్మిది ఓట్లూ ఖాయం చేశాడు. సంఘానికి ఒక శాస్త్రముంది. కాగితం మీద ఏం రాసినా మెత్తటి పెన్సిలుతో రాయాలి, ఒత్తకూడదు, వెనక్కి అచ్చు పడకూడదు. ముప్పై ఏళ్ళుగా ఆర్లో అందరికీ నేర్పిందదే. పోలింగ్ కేంద్రంలో ఫెళఫెళలాడే కొత్త బ్యాలెట్ చేతికిచ్చి, యంత్రం చదివేలా పేరు పక్కన సున్నాని నిండా నింపమని లావుపాటి నల్ల సిరా పెన్ను ఇచ్చారు. ఆర్లో ఆ పెన్ను వంక జాలిగా చూసి, జేబులోంచి తన పెన్సిల్ తీసి, ప్రూయిట్ పేరు పక్కన ఉన్న సున్నాలో ఒక చుక్క పెట్టాడు. దోమ వాలి లేచినట్టుంది. "ఓటేశాను" అని ఇచ్చే స్టిక్కర్‌ని చొక్కాకి అంటించకుండా ప్లాస్టిక్ సంచిలో దాచుకున్నాడు. అతని వెనకే మిగిలిన ఎనిమిదిమందీ ఎనిమిది పెన్సిళ్ళు తీశారు.

ప్రూయిట్ గారు అయిదు ఓట్లతో ఓడిపోయారు. గెలిచినావిడ జోయాన్ టిబిట్స్, రిటైరైన స్కూలు బస్సు డ్రైవరు.

ఇది ప్రజల ఓటమి అని కమిషనర్ గారు మర్నాడే ప్రెస్ నోట్ ఇచ్చి, ఓట్లు చేత్తో మళ్ళీ లెక్కపెట్టాలని అర్జీ పెట్టారు. పతకాల పెట్టెల్ని కాల్వ గట్టుకి కంకర బదులు వేయించెయ్యమని మనుషులకి పురమాయించారు.

ఆ వారమే ఆర్లో ఇంట్లో ఫోను మోగింది. అవతల బ్రూబేకర్. పదిహేనేళ్ళలో ఆర్లో పేరు ఒక్కసారి కూడా సరిగా పలకని మనిషి, ఆ రోజు ఇంటిపేరుతో సహా పలికాడు. గెలిచినవాడి పతకాలు ప్రతి ఇంటి అటక మీదా ఉంటాయి. ఓడినవాడి బ్యాడ్జీలు మర్నాడే చెత్తలోకి పోతాయి గనక అవి అరుదు. ఇక ఓడినవాడు ప్రమాణ స్వీకారం చేసినట్టు తేదీతో సహా పతకమా? అలాంటిది తాను పుట్టాక చూడలేదన్నాడు బ్రూబేకర్. నిజంగా ఉన్నాయా అన్నాడు. ఉంటే మార్చి ప్రదర్శనలో మధ్య బల్ల తాను ఖాళీ చేస్తానన్నాడు.

ఆర్లో ఫోను పెట్టేసి, కోటు వేసుకుని, తిన్నగా కమిషనర్ గారి దగ్గరికి వెళ్ళాడు. దారిలో ముఖం విచారంగా పెట్టుకున్నాడు. ఓడినా మీరే నా కమిషనర్ అన్నాడు. మీ ముఖం ఉన్న పతకాలు కంకరలో పడి ఉండడం చూసి తట్టుకోలేననీ, అవన్నీ తనకిచ్చేస్తే గౌరవంగా దాచుకుంటాననీ చెప్పాడు. అయితే బదులుగా నల్ల పతకం ఇమ్మన్నారు కమిషనర్ గారు. ఆర్లో కుదరదనబోయాడు. అంతలో మధ్య బల్ల కళ్ళముందు ఆడింది. సరే అన్నాడు.

"ఒక్క మాట కమిషనర్‌గారూ. ఆ రీకౌంట్ అర్జీ వెనక్కి తీసుకోండి. మీ స్థాయికి అది బాగోలేదు."

"నిజమేనోయ్. ఓటమిని ఒప్పుకోవడంలో ఒక హుందాతనం ఉంది. రేపే తీసుకుంటాను. నా మాట."

ఆర్లో ఆ మాట పుచ్చుకుని, నల్ల పతకం తెచ్చి ఇచ్చి, రెండువందల తొంభై తొమ్మిది పతకాల్ని మంచు తోసే బండిలో వేసుకుని ఇంటికి వచ్చాడు. ఇరవై రెండేళ్ళు తిరిగి సంపాదించినదాన్ని కంకరకిందికి పోయేవాటికి ఇచ్చి వచ్చావా అని నెడ్రా అడిగింది. రాజకీయం నీకు అర్థం కాదన్నాడు. పాపం అమాయకుడైన ఒక కమిషనర్‌ని నిలువునా మోసం చేశానని లోలోపల కాస్త బాధపడ్డాడు కూడా.

మరుసటి సోమవారం రీకౌంట్ మొదలైంది. ఇది నాకోసం కాదు, ప్రజాస్వామ్యం కోసం అని ప్రూయిట్ గారు గుమ్మంలో నిలబడి అందరికీ డోనట్లు పంచారు. ఆర్లోకి మధ్యలో జామ్ ఉన్నది ఏరి ఇచ్చారు.

మధ్యాహ్నానికల్లా కౌంటీ క్లర్కు గారికి ఒక వింత బ్యాలెట్ తగిలింది. కమిషనర్ పదవికి ఓటు పడలేదని యంత్రం వదిలేసింది గానీ, దగ్గరగా చూస్తే ప్రూయిట్ పేరు పక్కన సున్నాలో బూడిదరంగు చుక్క ఉంది. కాసేపటికి ఇంకొకటి. మొత్తం తొమ్మిది. చేత్తో పెట్టిన గుర్తయితే ఎంత చిన్నదైనా ఓటేనని క్లర్కు అంది. అవి చేత్తో పెట్టినవి కావు, అచ్చులో పడిన మచ్చలని టిబిట్స్ తరఫు లాయరు అన్నాడు. అరగంట వాదులాడుకున్నారు. చివరికి క్లర్కు తలెత్తి గది చుట్టూ చూసింది.

"డెక్కర్ గారూ, మీరు ముప్పై ఏళ్ళుగా అచ్చు కాగితాలు చూస్తున్నారు కదా. ఈ విషయంలో ఈ కౌంటీలో మీకంటే తెలిసినవాళ్ళు లేరు. ఇది మచ్చా, పెన్సిలా?"

గదంతా అతని వైపు తిరిగింది. మచ్చ అంటే చాలు. రెండక్షరాలు. మధ్య బల్ల, బ్రూబేకర్ ముఖం, ఇంటి నేలమాళిగలో రెండువందల తొంభై తొమ్మిది అపురూప వస్తువులు, అన్నీ దక్కుతాయి. ఆర్లో నోరు తెరిచాడు. కానీ యాభై ఆరేళ్ళలో అతని అభిప్రాయం ఎవరూ అడిగి ఉండలేదు. అందులోనూ 'గారూ' అని. ఫ్యాక్టరీ మూసేటప్పుడు కూడా అడగలేదు.

జేబులోంచి భూతద్దం తీశాడు. బ్యాలెట్‌ని అంచులు పట్టుకుని వెలుతురుకి ఎత్తాడు. తీరిగ్గా చూశాడు.

"పెన్సిలే అమ్మా. మెత్తటి రకం. ఒత్తకుండా పెట్టారు, వెనక అచ్చు కూడా పడలేదు చూడండి. కాగితం విలువ తెలిసినవాళ్ళ చెయ్యి ఇది."

విలేఖరి ఆ మాట రాసుకున్నాడు. లాయరు కూర్చున్నాడు. ప్రూయిట్ గారు నాలుగు ఓట్ల మెజారిటీతో గెలిచారు.

బ్రూబేకర్ మళ్ళీ ఫోను చెయ్యలేదు. ఆర్లోయే చేస్తే, ఎవరూ అని అడిగాడు.

జనవరి ఒకటిన కౌంటీ గ్యారేజీలో ప్రమాణ స్వీకారం అత్యంత వైభవంగా జరిగింది. రెండు మంచు బండ్లని బయటికి తోసి నూటపాతిక కుర్చీలు వేశారు. పతక కమిటీ అధ్యక్షుడి హోదాలో ఆర్లో కుర్చీకొక పతకం చొప్పున నూట ఇరవై పెట్టాడు. చివరి వరసలో అయిదింటికి పెట్టలేదు, అక్కడ పై కప్పు కారుతోంది. కమిషనర్ గారు బైబిలు మీద చెయ్యి వేసి, కాల్వల్ని నిష్పక్షపాతంగా కాపాడతానని ప్రమాణం చేశారు. తర్వాత ఆయన ఛాతీ మీద అధికార చిహ్నం గుచ్చే గౌరవం ఆర్లోదని మైకులో పిలిచారు.

చిహ్నాన్ని పళ్ళెంలో తెచ్చారు. కొత్త ఇత్తడి చెంబులా పచ్చగా మెరిసిపోతోంది. పైన చిల్లు పెట్టి ఎరుపు, తెలుపు, నీలం రిబ్బను దూర్చారు. ముఖం అరిగి, ఏ అధ్యక్షుడో పోల్చుకోవడం కష్టంగా ఉంది. ఆర్లో మాత్రం పోల్చుకున్నాడు.

కమిషనర్ గారు అతని చెవి దగ్గరికి వంగారు.

"ఎంత మురికి పెట్టావయ్యా ఆర్లో. మా వాళ్ళు పైపులు కడిగే మందులో పడేస్తే రెండు నిమిషాల్లో పోయింది. చూడు, ఎలా ఉందో."

"బావుంది కమిషనర్‌గారూ."

"అంచులు పట్టుకో."

ఆర్లో అంచులు పట్టుకుని గుచ్చాడు. జనం చప్పట్లు కొట్టారు. చేతులు ఖాళీ అయ్యాయి గనక అతనూ కొట్టాడు.

కాఫీ, వేయించిన పెర్చ్ చేప అయిపోయాక అందరూ వెళ్ళిపోయారు. కుర్చీల మీద జనం వదిలేసిన పతకాల్ని ఆర్లో వరసగా ఏరుకుంటూ వచ్చాడు. వాటి విలువ ఇప్పుడు డాలరుకి ఎన్నో అతనికి తెలుసు. అయినా అలవాటు కొద్దీ ఒక్కోదాన్నీ అంచులు పట్టుకునే ఎత్తాడు. పెట్టినవి నూట ఇరవై. ఏరినవి నూట ఇరవై ఒకటి.

తప్పు లెక్కపెట్టానేమోనని మళ్ళీ లెక్కపెట్టాడు. తర్వాత భూతద్దం తీసి అంచుల మీద నంబర్లు చూసుకుంటూ పోయాడు. ఎక్కువ వచ్చింది వేదిక మీద, కమిషనర్ గారు కూర్చుని లేచిన మొదటి కుర్చీలో దొరికింది. నంబరు ఒకటి. దాని మీద చిన్నపిల్లవాడి పంటి గాటు ఉంది.