పెద్దాఫీసరుగారి తరఫున నడక

తక్షణం చేయవలసిన పనులు: మెట్లు తుడిపించాలి. లిఫ్టు ఆపించాలి. సిబ్బంది అందరి చేతులకూ అడుగులు లెక్కపెట్టే గడియారాలు కట్టించాలి. మూడు నెలల్లో ఈ కార్యాలయం నుంచి ఇన్సులిన్ నిరోధకతను సమూలంగా నిర్మూలించాలి!

ఇదీ మా తూనికల శాఖ పెద్దాఫీసరుగారి ఉత్తర్వు. మెట్లు తుడిచారు. గడియారాలు కట్టారు. లిఫ్టు మాత్రం ఆపలేకపోయారు. అందులో ఆయన ఉన్నారు.

ముందు అందరికీ రక్తపరీక్ష చేశారు. చక్కెర ఆయనకీ హద్దు మీదే ఉంది, నాకూ హద్దు మీదే ఉంది. డాక్టరమ్మ సభలో విడమరిచి చెప్పింది.

"ఒంట్లో ఇన్సులిన్ ఉంటుంది కానీ కండలు దాని మాట వినవు. చక్కెర రక్తంలోనే తచ్చాడుతూ ఉంటుంది. రోజూ నడిస్తే కండలు మళ్లీ మాట వింటాయి. మానేస్తే మళ్లీ మొండికేస్తాయి."

పెద్దాఫీసరుగారు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు. ఆ రోజుకి ఆయన వ్యాయామం అదే.

సాయంత్రం నన్ను పిలిచారు. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనొక్కణ్ణే. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఖాయం చేయాల్సింది ఆయనే.

"ఏమోయ్, నా తరఫున నడుస్తావా?"

మా ఆఫీసులో ఇది వింతేమీ కాదు. ఆయన తరఫున ఒకరు సంతకాలు పెడతారు, ఒకరు పరామర్శలకు వెళతారు, ఒకరు విచారం కూడా వ్యక్తం చేస్తారు. "చిత్తం" అని గడియారం కట్టుకున్నాను. వారం తిరక్కుండా మిగతా ఆఫీసర్లవీ వచ్చిపడ్డాయి. మోచేతి దాకా గడియారాలే!

మూడు నెలలయ్యాక, నడకలో ప్రథమ బహుమతి పెద్దాఫీసరుగారికి! పూలదండ మెడలో ఉండగానే పరీక్ష ఫలితాలొచ్చాయి. ఆయన చక్కెర హద్దు దాటింది. నాది బుద్ధిగా దిగింది.

"నడక నాదీ, ఆరోగ్యం వీడిదీనా!" అని గర్జించారు.

మర్నాడు మెమో: "పై అధికారి పేరిట జరిగిన నడక వలన కలిగిన లాభమును సొంత ఒంటికి మళ్లించుకున్నందుకు నిన్నేల తొలగించరాదు?"

మెమో పట్టుకుని విచారణకు పరుగెత్తాను. మూడు నెలలు నడిచిన కాళ్లు కదా, విచారణ సంఘం కంటే ముందే చేరాను.

విచారణ జరుగుతుండగా ఆయన భార్య భోజనం క్యారియరుతో వచ్చింది.

"ఏమండీ, రేపు ఈ అబ్బాయి మీ తరఫున మాత్రలు మింగితే మీకు తగ్గుతుందా?"

"నువ్వూరుకోవే! పోయిన ఆరోగ్యం రాబట్టడమెలాగో చెప్పు."

"అదెంత పని! అతణ్ణి మీ కుర్చీలో కూర్చోబెట్టి, అతని తరఫున మీరు నడవండి. లాభం మళ్లించుకోండి."

విచారణ సంఘం ఏకగ్రీవంగా ఆమోదించింది!

నా గడియారం కట్టుకుని, నన్ను తిట్టుకుంటూ ఆయన మూడు నెలలు మెట్లెక్కారు. చక్కెర దిగింది. "రాబట్టాను!" అని కేకేసి, ఆ సంతోషంలో నా ఉద్యోగం ఖాయం చేసేశారు.

మరి నేనో? మెత్తటి కుర్చీ, పిలిస్తే టీ, దిగడానికి లిఫ్టు. నిన్నటి పరీక్షలో తేలింది, నా కండలు మళ్లీ మొండికేశాయి.

"నడవాలి నాయనా" అంది డాక్టరమ్మ.

"తప్పకుండా" అని తిన్నగా కొత్తగా చేరిన గుమాస్తా దగ్గరికెళ్లాను.

"ఏమోయ్, సాయంత్రం ఖాళీయేనా?"

అతను చొక్కా చెయ్యి పైకి మడిచాడు. మోచేతి దాకా ఖాళీ లేదు!

కాబట్టి చదివేవారికి ఒక మనవి. రేపు ఏ లిఫ్టు ముందైనా నిలబడితే ఆ క్యారియరు తెచ్చిన అమ్మగారిని ఒక్కసారి తలుచుకుని మెట్లెక్కండి.

నా తరఫున కూడా.