విప్పకూడని కవరు

ఆ రోజు కోడలి పథకం చాలా చిన్నది. పొద్దున ఆరింటికి ఆసుపత్రి ల్యాబ్‌లో డ్యూటీ ఎక్కాలి, పన్నెండింటికి దిగాలి, ఇంటికొచ్చి నాలుగు మెతుకులు తిని, బల్ల మీదున్న కవరు తీసుకెళ్లి కొరియర్‌లో వేసేయాలి.

ఆ కవరు కెనడాలో చదువులను బేరీజు వేసే ఒక సంస్థకు చేరాలి. వాళ్లు లోపలి మార్కుల పత్రాలు చూసి, ఈవిడ డిగ్రీ ఇంత, దాని మీద డిప్లమా ఇంత అని తేల్చి చెబితే వలస దరఖాస్తుకు కావలసిన పాయింట్లు నిండుతాయి. డిగ్రీ ఒక్కటే ఉన్నప్పుడు ఆవిడ లెక్క కావలసిన పాయింట్లకు కాస్త కింద ఆగిపోయింది. ఆ కాస్త కోసమే నిరుడంతా డ్యూటీ దిగి, డిగ్రీ చదివిన కాలేజీలోనే సాయంత్రం పూట ఏడాది డిప్లమా చదివింది. పై నెల దాటితే పుట్టినరోజు. వయసు ఒక ఏడు పెరిగితే పాయింట్లు కొన్ని తరుగుతాయి. అందుకని ఆవిడ ఈసారి పుట్టినరోజును పాముని చూసినట్టు చూస్తోంది.

వెళ్తూ వెళ్తూ మామగారితో ఒక మాట చెప్పింది.

"మామయ్యా, ఈ కవరు జాగ్రత్త. చాలా దూరం వెళ్లాలి."

మామగారు నలభై ఏళ్లు పుస్తకాల బైండింగ్ చేసిన మనిషి. నడుం నొప్పి వచ్చి దుకాణం మూశారు గానీ చేతులు మూయలేకపోయారు. ఆ ఇంట్లో కరెంటు బిల్లులకు కూడా గట్టి అట్ట ఉంటుంది. అటువంటి మనిషికి "జాగ్రత్త", "చాలా దూరం" అని రెండు ముక్కలు చెప్పి, చేతిలో కాగితాలు పెట్టి వెళ్లడమంటే పిల్లికి పాలగిన్నె అప్పగించడమే.

కాఫీ తాగుతూ కవరును తిప్పి చూశారు. మూత వంకరగా అంటించి ఉంది. ఒక మూల అప్పుడే లేచింది. కాలేజీ ముద్ర సగం మూత మీద, సగం కవరు మీద పడింది. ఎవరో నిద్రమత్తులో వేసినట్టున్నారనుకున్నారు. ఇది సముద్రాలు దాటడం అటుంచి, వీధి చివరి దాకా కూడా వెళ్లేలా లేదు.

ఆయన మనసులో ఇంకొకటి కూడా ఉంది. నిరుడంతా కోడలు తన కత్తిరింపు బల్ల మీదే కూర్చుని చదివింది. సగం బల్ల ఆవిడకు ఖాళీ చేసి ఇచ్చి, మిగతా సగం మీద ఆయన చప్పుడు చేయకుండా కాగితాలు మడతపెట్టుకునేవారు. భార్య పోయాక ఆ బల్ల దగ్గర ఇంకొక మనిషి కూర్చోవడం అదే మొదలు. అంత కష్టపడి సంపాదించిన చదువు ఇలా వంకర మూత కింద నలుగుతూ పోవడం ఆయనకు నచ్చలేదు.

పన్నెండున్నరకు కోడలు ఇంటికొచ్చేసరికి బల్ల మీద కవరు లేదు. ఎర్రటి గుడ్డ అట్టతో ఒక పుస్తకం ఉంది. వెన్ను గుండ్రంగా, అంచులు అద్దంలా ఉన్నాయి. అట్ట మీద ఆవిడ పేరు, కింద డిగ్రీ, దాని కింద డిప్లమా, అన్నీ బంగారు అక్షరాలు.

"ఏంటి మామయ్యా ఇది?"

"నీ చదువమ్మా. ఇక నీళ్లలో పడ్డా ఏమీ కాదు."

ఆవిడ కుర్చీలో కూర్చుంది.

"కవరు మీద ఎర్రగా రాసుంది కదండీ, తెరిస్తే చెల్లదని."

"అదా. కళ్లజోడు లేకుండా చూసి చిరునామా అనుకున్నాను." ఆయన ముఖంలో రంగు మెల్లగా దిగింది. "ఆవిరి పట్టి విప్పానమ్మా. ఎక్కడా చిరగలేదు."

"చిరగకపోవడం కాదు. కాలేజీ వాళ్లు అంటించి, ఆ అతుకు మీదే ముద్ర వేయాలి. మధ్యలో ఎవరూ తెరవలేదని దానికదే సాక్ష్యం."

ఏసీలు బాగుచేసే కొడుకు ఫోన్లో సంగతంతా విన్నాడు.

"నాన్నా, నా పెళ్లి ఆల్బమ్ రెండుసార్లు విప్పి కుట్టావు, ఊరుకున్నాను. మా వీసా ఎందుకు కుట్టావు?"

"ఇంకా వీసా రాలేదు కదరా."

"వస్తే అదీ కుట్టేవాడివి. ముందు కాలేజీకి పరిగెత్తండి. రేపటి నుంచి నెల సెలవులు వాళ్లకి."

బస్సు పట్టుకుని ఇద్దరూ రెండింటికి కాలేజీ చేరారు. చేసింది తానే కాబట్టి పుస్తకం తానే మోస్తానని మామగారు దాన్ని గుండెకు హత్తుకుని నడిచారు. గేటు దగ్గరి కాపలాదారు తెల్లజుట్టునూ బంగారు అక్షరాలనూ చూసి లేచి నిలబడ్డాడు. కోడలు నోరు తెరిచేలోపే దారి చూపించాడు.

"పీహెచ్‌డీ పుస్తకాలు మొదటి అంతస్తులో ఇవ్వాలండి. ఎడమ పక్క గది."

పరీక్షల విభాగం కూడా అటే ఉంటుందనుకుని ఇద్దరూ మెట్లెక్కారు. ఎడమ పక్క గదిలోని ఉద్యోగిని, పెద్దాయన మెట్లకు ఆయాసపడుతున్నారని చూసి, తన కుర్చీ జరిపి కూర్చోబెట్టింది. మంచినీళ్లు ఇచ్చింది. కోడలు కిటికీ దగ్గరకెళ్లి భర్త ఫోనుకు జవాబు చెప్పుకుంటోంది.

"ఈ వయసులో పూర్తి చేశారంటే గొప్ప సంగతి సార్. ఎన్నేళ్లు పట్టింది?"

"ఏళ్లెందుకమ్మా, పొద్దున మొదలుపెట్టాను. పన్నెండింటికల్లా అయిపోయింది."

ఆవిడ కళ్లజోడు సర్దుకుంది. "మీ గైడ్ ఎవరండీ?"

"మా గురువుగారమ్మా. ఆయన పోయి ముప్పై ఏళ్లయింది."

ఉద్యోగిని ఇక ప్రశ్నలు మాని పుస్తకం తెరిచింది. లోపల తమ కాలేజీ మార్కుల పత్రాలే ఉన్నాయి. వరసగా కుట్టి, ప్రతి పేజీకి అంకె వేసి, ముందు విషయసూచిక కూడా పెట్టి ఉన్నాయి. ఆవిడ ఇరవై ఏళ్ల ఉద్యోగంలో కాగితాలను ఇంత పద్ధతిగా కుట్టించుకు వచ్చినవాళ్లు ఒక్కరే. ఆయన కాలేజీ మీద కోర్టుకెళ్లాడు, గెలిచాడు కూడా. ఆవిడ మెల్లగా లోపలి ఫోను ఎత్తింది.

రెండు నిమిషాల్లో పరీక్షల అధికారి స్వయంగా వచ్చి, ఇద్దరినీ తన గదికి తీసుకెళ్లి, ఫ్యాను వేగం పెంచాడు.

"ఏదున్నా ఇక్కడే తేల్చుకుందాం సార్. బయటి దాకా ఎందుకు?"

"తప్పు నాదేనండి," అన్నారు మామగారు.

పక్కా సాక్ష్యం ఉన్నవాళ్లే ఇంత వినయంగా మాట్లాడతారని అధికారికి అనుభవం. ఆయన కోడలి వైపు తిరిగాడు.

"లాయరుతో గానీ మాట్లాడారా అమ్మా?"

"లేదండి, మా ఆయనతో మాట్లాడాను."

"ఆయన లాయరా?"

"ఏసీ మెకానిక్ అండి. అసలు మేమొచ్చింది..."

"ఏమీ చెప్పొద్దు. ముందు రికార్డులు చూద్దాం. తర్వాత మీరు ఏమన్నా వింటాను." అధికారి గంట కొట్టాడు. మూడు రిజిస్టర్లతో గుమాస్తా వచ్చాడు.

కోడలు గోడ గడియారం చూసింది. రెండూ నలభై. అధికారి అట్ట తెరిచి, వేలు పెట్టి, పుస్తకంలోని ఒక్కొక్క వరుసను రిజిస్టర్‌తో పోల్చడం మొదలుపెట్టాడు. డిగ్రీ మొదటి ఏడు సరిపోయింది. రెండో ఏడు, మూడో ఏడు కూడా సరిపోయాయి. మామగారు రెండుసార్లు లేచి "అయ్యా, నేను చెప్పేది" అన్నారు. అధికారి రెండుసార్లు చేతులు జోడించి కూర్చోబెట్టాడు.

డిప్లమా పేజీ దగ్గర వేలు ఆగింది.

"ఇదేంటయ్యా?" అన్నాడు గుమాస్తాతో. గుమాస్తా వంగి చూశాడు, మళ్లీ చూశాడు, తర్వాత రిజిస్టర్ చూశాడు.

"పొరపాటండి. పక్క కోర్సుది ఎక్కింది."

చదువు కాలం అన్న చోట ఏడాదికి బదులు ఆరు నెలలు అని పడింది.

కోడలు ఆ పేజీ తన వైపు లాక్కుంది. ఏడాది కంటే తక్కువ చదువుకు అక్కడ పాయింటు రాదు. నిరుటి సాయంత్రాలన్నీ ఆ ఒక్క గడిలో కూరుకుపోయి ఉన్నాయి. కవరు అలాగే వెళ్లి ఉంటే అది విదేశంలో ఎవరి బల్ల మీదో తెరుచుకునేది. జవాబు వచ్చి, తప్పు కనిపెట్టి, దిద్దించుకునేలోపు పుట్టినరోజు వచ్చి వెళ్లిపోయేది. ఆవిడ లేచి నిలబడింది. "తల్లీ, కూర్చో," అని మామగారు బల్ల మీది మంచినీళ్లు ఆవిడ ముందుకు జరిపారు.

అప్పుడు ఆయన జరిగినదంతా చెప్పారు. ఆవిరి దగ్గర మొదలుపెట్టి బంగారు అక్షరాల దాకా ఒక్కటీ దాచలేదు. అధికారి అంతా విని, నుదురు తుడుచుకున్నాడు.

"అంటే మీరు కేసు వేయడానికి రాలేదు?"

"క్షమాపణ అడగడానికి వచ్చామండి."

"మేమూ అదే అడుగుతున్నాం లెండి," అని అధికారి గుమాస్తా వైపు చూశాడు. "మొత్తం కొత్తవి ముద్రించి తీసుకురా. నాలుగు కొట్టేలోపు."

పాత పత్రాలు రద్దు చేయాలంటే పుస్తకం నుంచి ఊడదీయాలి. గుమాస్తా ఒక చేత్తో లాగాడు, రెండు చేతులతో లాగాడు, చివరికి మోకాలు ఆన్చి లాగాడు. పేజీ కదల్లేదు. మామగారు నిట్టూర్చి, చిన్న కత్తి అడిగి తీసుకుని, తన కుట్టు తానే ఒక్కొక్క దారం చొప్పున తెంపారు. ఖాళీ అట్టను మాత్రం ఎవరూ అడగలేదు. మామగారు దాన్ని కోడలి సంచిలో పెట్టారు.

మూడూ యాభైకి కొత్త పత్రాలు వచ్చాయి. ఈసారి అధికారి, గుమాస్తా, కోడలు ముగ్గురూ ప్రతి గడినీ పైకి చదివి సరిచూశారు. గుమాస్తా కవరులో పెట్టి, మూత అంటించి, అతుకు మీద ముద్ర కొట్టాడు. మూత మళ్లీ వంకరగానే వచ్చింది. మామగారు కిటికీ వైపు తిరిగి చెట్లను చూస్తూ నిలబడ్డారు.

బస్సులో కోడలు కిటికీ పక్క సీటు ఆయనకిచ్చింది. కవరు రెండు చేతులతో ఒళ్లో పట్టుకుంది.

"మీరు విప్పకపోతే నా ఏడాది గంగలో కలిసేది మామయ్యా."

"లేని గొప్ప నాకు అంటగట్టకమ్మా. ఆ తప్పు నేను చూడలేదు. చదివితే కదా కనపడేది, నేను కుట్టానంతే."

"కుట్టబట్టే కదా వాళ్లు భయపడి చదివారు."

పొద్దుటి నుంచి ఇంట్లో ఎవరూ తన మీద గొంతు పెంచలేదని ఆయనకు అప్పుడు తట్టింది. కొడుకు వెటకారమాడాడు గానీ కసరలేదు. కోడలు ఏడవలేదు, ఏడిపించలేదు. ఎవరో కాలేజీలో కుర్చీ జరిపి మంచినీళ్లిచ్చారు. ఒక్క రోజుకు ఒక మనిషికి ఇంతకంటే ఏం కావాలనిపించింది ఆయనకు.

కొరియర్ ఆఫీసు దగ్గర కొడుకు పనిదుస్తుల్లోనే ఎదురుచూస్తున్నాడు. లోపలి అమ్మాయి కవరు తూకం వేసి, ఫారం ముందుకు జరిపి, లోపల ఏముందో రాయమంది.

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, తమకేమీ తెలియదన్నారు.