హలాల్ స్టిక్కరున్న దిండు

నిజం చెప్పే మనిషిని కొట్లో కూర్చోబెట్టుకోవడం శుద్ధ దండగ. ఆ పని స్టిక్కరు చేస్తుంది! నవ్వకండి, సాక్ష్యం ఉంది.

మా వీధి పరుపుల మామయ్య సరుకు అమ్మే ముందు లోపం చెబుతాడు. దాచి అమ్మితే ఆ సొమ్ము హరాం, ముట్టరానిదంటాడు.

"అమ్మా, ఇందులో సగం పాత దూదే. ఆర్నెల్లకి గడ్డకడుతుంది, ముందే చెబుతున్నా."

ఇలాగా అమ్మేది? విచిత్రమేమిటంటే, ఆ మాట విన్నవాళ్లే ఇంట్లోని పరుపులు మోసుకొచ్చేవారు. "నువ్వయితే మా దూది మార్చకుండా మాకే పెడతావు" అనేవారు. పాత దూది ఏకి, మళ్లీ కుట్టివ్వడమే అతని అసలు వ్యాపారమైంది. సర్వే లేదు, ప్రెజెంటేషన్ లేదు. దేవుడికి భయపడితే బేరం దొరకడమేమిటి, అనాగరికం కాకపోతే!

అదృష్టం బాగుండి, కొట్టు అప్పజెప్పిన మేనల్లుడు బిజినెస్ కోర్సు చదివినవాడు. రాగానే ఏసీ పెట్టించాడు. దిండుకి హలాల్ స్టిక్కరు, దుప్పటికి హలాల్ స్టిక్కరు, ఆఖరికి దోమతెరకి కూడా. దోమలకి చదువొచ్చో రాదో!

"దిండుని ఎవరైనా తింటార్రా?" అన్నాడు మామయ్య.

"నమ్మకం మామా, నమ్మకం! మన మతమే మన బ్రాండు."

"మరి లోపల పాత దూదుందని ఎవడు చెబుతాడు?"

"స్టిక్కరుంటే ఎవరూ అడగరు మామా. అందం అక్కడే ఉంది!"

ఒక హాస్టల్ వార్డెనమ్మ దిండ్లకోసం వచ్చింది. స్టిక్కరు చూసి మురిసిపోయింది. ఆర్డరు ఖాయమయ్యే వేళ మామయ్య కత్తెరతో ఓ దిండు కుట్టు విప్పి, బూడిదరంగు దూది గుప్పెడు బయటికి లాగాడు.

"పిల్లలు తల పెట్టుకునేదమ్మా. దుమ్ము లేస్తుంది."

ఆవిడ దండం పెట్టి వెళ్లిపోయింది.

మేనల్లుడి ఓర్పు చూడాలి! పల్లెత్తు మాట అనలేదు. మర్నాడు మామయ్య కుర్చీని గల్లా దగ్గర్నుంచి వెనక గదిలోకి మార్పించాడంతే. టేబుల్ ఫ్యాను కూడా పెట్టాడు, పాపం. కుర్చీ తీసిన చోట గోడకి మామయ్య నిలువెత్తు ఫోటో, దానికింద బంగారు అక్షరాల్లో "లోపం చెప్పి అమ్ముతాం"!

మొన్న నేనూ వెళ్లాను. ఒంటి మంచానికి ఒక్క దిండు చాలు.

"బాబూ, ఇందులో దూది కొత్తదేనా?"

మేనల్లుడు చిరునవ్వుతో ఫోటో వైపు వేలు చూపించాడు.

అంతలో వెనక గదిలోంచి కేక. "అయ్యా, అది మాత్రం వద్దండీ!"

మేనల్లుడు గబగబా వెళ్లి ఆ గది తలుపు మూసొచ్చాడు. నిజమే మరి, ఏసీ చల్లదనం బయటికి పోదూ!