సున్నా డీజిల్ నాట్ల యంత్రం

"ఇక మీదట ఉత్తరాంధ్రలో ఏ ఆడబిడ్డా నాట్లకి నడుము వంచదు!"

ద్వారకా నగర్‌లోని ఏసీ హోటల్లో మంత్రి వీరేంద్రగారు ఈ మాట అనగానే హాలంతా లేచి నిలబడింది. బిర్యానీ ఇంకా రాలేదు కాబట్టి చప్పట్లు కూడా గట్టిగానే పడ్డాయి.

చివరి వరసలో వరహాలు మాత్రం నిజంగానే ఏడ్చేశాడు. మంత్రిగారు చెప్పిన నాట్ల యంత్రాన్ని తయారుచేసింది అతనే మరి. ఎలమంచిలి దగ్గర పుట్టి, స్టీల్ ప్లాంటు కాంట్రాక్టర్ల దగ్గర పదిహేనేళ్లు వెల్డింగ్ చేసి, ఆటోనగర్‌లో రేకుల షెడ్డు వేసుకుని, రెండేళ్లు కుస్తీ పట్టి దాన్ని నిలబెట్టాడు. పెళ్లాం అసిరమ్మ నాట్ల ముఠాకి మేస్త్రి. ఆషాఢంలో వంగిన ఆవిడ నడుము దసరాకి గానీ లేవదు. ఆ నడుము కోసమే ఈ యంత్రం. సబ్సిడీ జాబితాకెక్కితే రైతులు కొంటారు. ఎక్కకపోతే అందులో కోళ్లు గుడ్లు పెట్టుకోవాల్సిందే. ఎక్కాలంటే మంత్రిగారి ఎదుట, కమిటీ ఎదుట అది ఒక్కసారి నడవాలి. అంతే!

తగరపువలస దగ్గర హైవే పక్కన అరెకరం మడి చూశారు. ప్రదర్శన బాధ్యత వ్యవసాయాధికారి సీతారామాంజనేయులుగారిది. గోదావరి మనిషి, మహా ముందుచూపు గల మనిషి. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఆయన ఒక్క తప్పూ చెయ్యలేదు. అసలేమీ చెయ్యలేదు గనక ఆ రికార్డు చెక్కుచెదరలేదు.

"ఏవయ్యా వరహాలూ, ఇది మంత్రిగారి ముందు ఆగిపోతే?"

"ఆగదు బాబూ. నాను యాభై సార్లు నడిపేను."

"ఆగదని గ్యారంటీ ఉన్న వస్తువు మా డిపార్టుమెంట్లో ఒక్కటి చూపించు. లిఫ్టే ఆగుతుంది. రిస్కు వద్దు. ముందురోజే మనుషుల చేత నాట్లు వేయించేద్దాం. మడి పచ్చగా ఉంటుంది, గట్టు మీద యంత్రం ఎర్రగా ఉంటుంది. ఫొటోకి అంతకన్నా ఏం కావాలి?"

"మరి నా మిషను ఎప్పుడు నడుస్తాది బాబూ?"

"జాబితాకెక్కాక నీ ఇష్టం. కలకత్తా దాకా నడుపుకో."

ఈ సంగతి వరహాలు ఇంటికెళ్లి అసిరమ్మకి చెప్పాడు.

"అంటే ఏటి మావా? నాను వంగకుండా ఉండాలంటే ముందు నాను వంగాలా?"

"ఇదే ఆకరిసారి, అసిరీ. ఒట్టు."

"నీ మిషనుకి నడక రాదేటి?"

"దానికొచ్చు. దాన్ని నడవనివ్వడం ఆళ్లకి రాదు."

అసిరమ్మ నెత్తి కొట్టుకుని, ముఠాలోని పోతమ్మతో కలిపి పదకొండు మందిని పోగేసింది. కాలవ నీళ్లు ఆలస్యంగా రావడంతో ముందురోజు అవ్వాల్సిన నాట్లు ప్రదర్శన రోజు పొద్దుటికి సగమే అయ్యాయి. పన్నెండు మందీ ఇంకా మడిలోనే ఉన్నారు.

గట్టు మీద యంత్రానికి పసుపు, కుంకుమ, బంతిపూల దండ. ముందు చక్రం కింద నిమ్మకాయ. మంత్రిగారే నడిపి దాన్ని నలిపించాలని, వేరే వాళ్లు నలిపితే ప్రారంభోత్సవ ఫలం వాళ్లకి పోతుందని పురోహితుడు హెచ్చరించాడు. దాంతో నిమ్మకాయకి ఒక కానిస్టేబుల్‌ని కాపలా పెట్టారు. రైతు వస్తువుకి ప్రభుత్వం ఇంత భద్రత కల్పించడం మనమెప్పుడూ చూడలేదు.

మంత్రిగారు రెండు గంటలు ఆలస్యంగా వచ్చారు. అప్పటికి రాహుకాలం వచ్చేసింది. ఎన్నికలు దగ్గరలో ఉండగా రాహుకాలంలో బండి కదిపేది లేదన్నారు. "సరే, పని చూపించండి."

సీతారామాంజనేయులుగారు ఒక్క క్షణం తడబడి, మడిలో వంగి నాట్లు వేస్తున్న పన్నెండు మందినీ చూపించారు.

"ఆహా! చప్పుడే లేదే!"

"పాట ఒకటి వస్తుందండి. ఆప్షనల్."

"డీజిల్ ఎంత తాగుతుంది?"

"చుక్క తాగదండి. అంబలి."

"బయో ఫ్యూయెల్!" మంత్రిగారు కమిటీ వైపు తిరిగారు. కమిటీ రాసుకుంది. "గట్టు మీద ఆ ఎర్రదేమిటి?"

"అదీ... కంట్రోల్ రూమండి."

వరహాలుకి అరికాలి మంట నెత్తికెక్కింది. పరుగెత్తుకెళ్లి అడ్డం పడ్డాడు.

"బాబూ, ఒక్క నిమిషం! నాను స్టార్ట్ సేత్తాను, మడిలోకి దింపుతాను, సూడండి బాబూ!"

కానిస్టేబుల్ నిమ్మకాయకి అడ్డంగా నిలబడ్డాడు. మంత్రిగారు వరహాలు భుజం తట్టారు.

"కళ్లెదుట నడుస్తుంటే మళ్లీ స్టార్ట్ చెయ్యడం దేనికయ్యా? తయారుచేసినవాడివి, నీకే నమ్మకం లేకపోతే ఎలా?"

పదిహేను రోజుల్లో కాగితం వచ్చింది. జాబితాలో మొదటి పేరు వరహాలుదే! ఆటోనగరంతా స్వీట్లు పంచాడు. పంచాక చదివాడు. డీజిల్ సున్నా. ఇంధనం అంబలి. శబ్దం జానపదం. కదిలే భాగాలు పన్నెండు. ఈ సీజన్‌కే వంద యంత్రాలు ఇవ్వాలి, ప్రదర్శనలో చూసిన దానికి ఆవగింజంత తేడా ఉన్నా పేరు కొట్టేస్తారు.

పడుతూ లేస్తూ అధికారి దగ్గరికి పరుగెత్తాడు. "బాబూ, మరి ఇంజను?"

"ఇంజనుంటే డీజిల్ తాగుతుంది. తీసెయ్."

"పన్నెండు భాగాలో?"

"వందకి పన్నెండు వందలు. సప్లై నీదే. మీ ఆవిడ మేస్త్రి కదటయ్యా, అదృష్టవంతుడివి!"

మొదటి యంత్రాన్ని ఇంకో ఊళ్లో అప్పగించారు. గట్టు మీద ఇంజను లేని ఎర్ర డొక్కు, దండ, నిమ్మకాయ, అదే కానిస్టేబుల్. మైకులో మంత్రిగారి రికార్డు: "ఏ ఆడబిడ్డా నడుము వంచదు!" మధ్యాహ్నం అసిరమ్మ మోకాళ్ల దాకా బురదతో గట్టెక్కి, అంబలి గిన్నె ముందేసుకుని చతికిలబడింది. వరహాలు తలెత్తలేకపోయాడు.

"నన్ను తిట్టెయ్యే, అసిరీ."

"తిట్టడానికైనా నడుము నిలబడాల కదా మావా."

గిన్నె వైపు చూసింది. నంజుకోడానికేమీ లేదు. వంగి, చక్రం కింద చెయ్యి పెట్టి నిమ్మకాయ తీసింది.

"ఏయ్! అది యంత్రం తొక్కాలి!" కానిస్టేబుల్ అరిచాడు.

"మరి తొక్కుతున్నాం కదా బాబూ, పొద్దున్నించీ," అని అసిరమ్మ కాయని పంటితో కొరికి, సగం పోతమ్మకిచ్చి, సగం అంబలిలో పిండుకుంది.