మెడ కొంచెం పక్కకి

ఆ ఉదయం ఫోటోగ్రాఫరు వేసుకున్న పథకం చిన్నదే. బస్సు డిపోకి వెళ్లి, అక్కడి హెడ్ మెకానిక్ అయిన ఆడమనిషిని ఫోటో తీసి, భోజనానికి ఇల్లు చేరడం. పనిచేసే ఆడవాళ్ల మీద ఒక టైర్ల కంపెనీ వేస్తున్న క్యాలెండరుకు ఇక అట్ట మీది బొమ్మే మిగిలింది. అది నచ్చకపోతే పనంతా ఎదురు స్టూడియోకి పోతుంది, పాస్‌పోర్టు ఫోటోలతో ఈడ్చుకొస్తున్న తన స్టూడియోకి తాళం పడుతుంది.

పెళ్లికూతురైనా, పోలీసు అధికారిణి అయినా ఆయన చెప్పేది ఒకటే. "మెడ కొంచెం పక్కకి, నవ్వు కొంచెం లోపలికి."

మెకానిక్ బ్రేకులు విప్పిన బస్సు కిందనుంచి ఒళ్లంతా గ్రీజుతో బయటికొచ్చింది. ఆయన గుండె జారిపోయింది.

"ముందు మొహం కడుక్కోండమ్మా," అంటూ పౌడరు డబ్బా తీశాడు.

"కడుక్కుంటే మావాళ్లెవరూ నన్ను గుర్తుపట్టరు సార్," అంటూనే ఆవిడ కుళాయి వైపు నడిచింది.

సాయానికి వెంట వచ్చి గొడుగులైటు పట్టుకున్న ఆయన భార్య ఉండబట్టలేక, "ఏవండీ, ఆవిడ పని చేస్తుంటేనే ఎంత బాగుందో. అలాగే తియ్యకూడదూ?" అంది.

"నీకు తెలీదు. నువ్వు గొడుగు పట్టు."

కెమెరాలోంచి చూస్తే బస్సు చక్రాల కింద మురికి చెక్కలు అసహ్యంగా కనిపించాయి. వాటిని శ్రమపడి లాగేసి, మళ్లీ కెమెరాలో కన్ను పెట్టాడు. బొమ్మ జరుగుతోంది. తన చెయ్యే వణుకుతోందనుకుని ఊపిరి బిగబట్టాడు. అయినా జరుగుతూనే ఉంది.

"బస్సండీ, బస్సు!" అంది భార్య.

బస్సు లైటు స్టాండును పడగొట్టి, నీళ్ల డ్రమ్మును దొర్లించి, జనం కూర్చున్న క్యాంటీన్ వైపు తీరిగ్గా బయల్దేరింది. ఆయన కెమెరా వదిలేసి, పౌడరు డబ్బా గుండెకు హత్తుకుని గోడకు అతుక్కుపోయాడు. మెకానిక్ మాత్రం సగం కడిగిన మొహంతో పరుగెత్తుకొచ్చి, చెక్క అందుకుని చక్రం కిందకి తోసి, కాలితో ఒక్క తన్ను తన్నింది. బస్సు ఆగింది.

మర్నాడు కంపెనీ యజమాని, బస్సు ఆగాక మెకానిక్‌కి పౌడరు రాయించి తీసిన బొమ్మలన్నీ ఆవలిస్తూ తిప్పి, చివరిదాని దగ్గర ఆగిపోయాడు. పళ్లు బిగించి, గ్రీజు చేతులతో కొండంత బస్సును నిలదీస్తున్న మనిషి. చూస్తుంటే ఫోటోగ్రాఫరుకే ఒళ్లు గగుర్పొడిచింది. ఇన్నేళ్లుగా ఎంతమంది చేత మెడలు వంచించానో కదా అనుకుని సిగ్గుపడ్డాడు.

"ఇదీ ఫోటో అంటే," అన్నాడు యజమాని.

"మా ఆవిడ తీసిందండీ. నేను గొడుగు పట్టమన్నాను, తను కెమెరా పట్టుకుంది."

"అయితే వచ్చే ఏడాది క్యాలెండరూ ఆవిడకే. మీరు గొడుగు పట్టండి. అవునూ, మూల పౌడరు డబ్బా పట్టుకుని గోడకు అతుక్కున్నాయన ఎవరండీ?"

ఫోటోగ్రాఫరు వంగి చూశాడు. మెడ సరిగ్గా కొంచెం పక్కకే ఉంది, నవ్వు మాత్రం మరీ లోపలికి పోయింది.